గుడ్డ కింద మాట

మా నాయన పశువుల దళారి. పుంగనూరు, మదనపల్లె, కుప్పం సంతల్లో ఆయన్ను ఎరగని ఎద్దు లేదని మా అమ్మ ఎకసెక్కంగా అనేది. సొంతానికి ఒక్క పొట్టి ఆవు తప్ప ఏమీ లేని మనిషి, తాలూకాలోని పశువులన్నీ తనవే అన్నట్టు మాట్లాడేవాడు. ఆ మాటే మాకు తిండి పెట్టింది. తెలుగు, కన్నడం, అరవం, సాయిబుల ఉర్దూ నాలుగూ ఆయన నాలుక మీద ఉండేవి. ఎదుటివాడు ఏ ఊరివాడైతే ఆ ఊరి యాసలోకి మారిపోయేవాడు. అలాంటి మనిషి నోట్లోంచి మాటలు ఒక్కొక్కటే వెళ్లిపోవడం నేను దగ్గరుండి చూశాను. భయపడ్డాను, ఏడ్చాను. కానీ ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువగా మిగిలింది ఆశ్చర్యం. ఆ రోజుల్లో తెరిచిన నోరు నేను ఇంకా పూర్తిగా మూయలేదు.

అవి యుద్ధం రోజులు. మా ఆయన పటాలంలో గుమాస్తా పనికి కుదిరి ఎక్కడెక్కడికో బదిలీల మీద తిరుగుతుంటే, మదనపల్లెలో ఒక్కదాన్నే ఇల్లు కాపలా కాయడం దేనికని పుంగనూరులోని పుట్టింటికి వచ్చేశాను. పెట్రోలు దొరక్క బస్సులకు వెనక బొగ్గు కుంపటి కట్టి నడిపేవాళ్లు. ఎత్తు వస్తే అందరం దిగి నడవాలి, లావుపాటి వాళ్లు తొయ్యాలి కూడా. నేను దిగీ ఎక్కీ, ముఖం నిండా మసితో ఇంటికి చేరితే నాయన నన్ను చూసి, "ఎవురమ్మా నువ్వు, బొగ్గుల బట్టీనించి వస్తాండావా?" అని నవ్వాడు. అప్పటికి ఆయన మాట బాగానే ఉంది.

ఆయన వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. సంతలో దళారి వేసే కేకలు చుట్టూ చేరిన జనం కోసం. అసలు బేరం గుడ్డ కింద జరుగుతుంది. దళారి తన భుజం మీది తువ్వాలు తీసి, కొనేవాడి కుడిచెయ్యి, తన కుడిచెయ్యి కలిపి, దాని మీద కప్పుతాడు. ఆ చాటున ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎలా నొక్కితే ఏమిటి అన్నది వాళ్లకే తెలుసు. పక్కన నిలబడినవాడికి గుడ్డ కదలడం తప్ప ఏమీ కనబడదు. ఆడవాళ్ల చెయ్యి ఆ గుడ్డ కిందికి వెళ్లడమన్నది లేదు.

ఇది కాక దళారుల మధ్య ఇంకొక భాష ఉండేది. మా ఇంట్లో దాన్ని సంత మాట అనేవాళ్లం. అందరూ వాడే మాటలే, కానీ అర్థాలు వేరు. అమ్మేవాడి ఎదుటే అతని ఎద్దు గురించి మాట్లాడుకోవాలి కదా, అందుకని. ఆ అర్థాలు రైతులకు తెలిసిపోయాయని అనుమానం వస్తే చాలు, వెంటనే మార్చేసేవాళ్లు. నాయనకు కూటపాలివాడు, అంటే బేరాల్లో భాగస్తుడు, ఒక సాయిబు. నాయనను అన్నా అనేవాడు, నేను ఆయన్ను చిన్నాయనా అనేదాన్ని. వాళ్లిద్దరూ మా అరుగు మీద కూర్చుని కూడా సంత మాటే మాట్లాడుకునేవాళ్లు. అమ్మకు ఒళ్లు మండేది. "ఇంట్లో గూడా నాకు తెలీని మాటలేనా?" అని గిన్నెల మీద కోపం చూపించేది.

ముందుగా వస్తువుల పేర్లు పోయాయి. చెంబు కావాలంటే, "అది ఇయ్యి... అదే, నీళ్లు తాగేది" అనేవాడు. వయసు మీద పడింది, ఎవరికైనా అంతే అనుకున్నాం. తర్వాత ఒక పేరు బదులు ఇంకొక పేరు వచ్చింది. అన్నంలోకి మజ్జిగ కావలసి వచ్చి, "ఏమే, దువ్వెన పొయ్యి" అన్నాడు. తడబాటు లేదు, ముఖంలో సిగ్గు లేదు. అమ్మ ఒక్క క్షణం చూసి మజ్జిగ పోసింది. ఆయన తృప్తిగా తిని లేచాడు.

"సంత మాట మాట్లాడతాండాడు మీ నాయన" అంది అమ్మ నాతో, వంటింట్లోకి వచ్చి. ఆమె ముఖం చూడాల్సింది. పెళ్లయినప్పటినుంచి తనకు మూసి ఉన్న తలుపు ఎవరో తీసినట్టు వెలిగిపోయింది.

ఆనాటినుంచి ఆమె ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. దువ్వెన అంటే మజ్జిగ. గొడుగు అంటే దుప్పటి. చింతపండు అంటే ఆవు. అన్నీ నోటికి పట్టేసింది. కొన్నాళ్లకు దువ్వెన అంటే వాకిలి అయింది. నేను కంగారు పడ్డాను గానీ అమ్మ పడలేదు. "మనకు తెలిసిపొయ్యిందని మార్సినాడులే. వాళ్ల రివాజే అంత" అని నన్నే సమాధానపరిచింది. ఒకసారి నా జడ అల్లుతూ, వెనకనుంచి చిన్నగా, "ఇన్నేండ్లకు నమ్మినాడు నన్ను" అంది. అద్దంలో ఆమెను చూడబోతే తల వంచుకుంది.

నేనూ నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాను? నాయన వాక్యం వాక్యంలాగే ఉండేది. ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచేవాడు, ఎక్కడ ఆపి కన్నుగీటాలో అక్కడ గీటేవాడు. వీధిలో ఎవరైనా, "ఏం పెద్దాయనా, బాగుండావా?" అంటే, "దేవుని దయ, మీరు సల్లగుండల్ల" అని ఠక్కున బదులు వచ్చేది. తిట్లయితే ఒక్కటీ తప్పేది కాదు. మాటల లోపలి సరుకు మారిపోయింది తప్ప మాట నడక అలాగే ఉంది. వాకిట్లో నిలబడి వింటే ఆయన ఎవరితోనో పెద్ద బేరం నడుపుతున్నాడనే అనిపించేది. దగ్గరికి వచ్చి వింటే, అందులో ఒక్క ముక్కకీ ఇంకో ముక్కకీ పొత్తు ఉండేది కాదు.

సాయిబు చిన్నాయన అప్పటికి కాపురం కుప్పానికి మార్చాడు. అక్కడ రైలుంది, అరవదేశం నుంచి కొనేవాళ్లు దిగుతారు, వ్యాపారం అక్కడే బాగుందని. నాయన మోకాళ్ల నొప్పులతో సంతలు మానుకున్నాడు. అందుకని వాళ్లిద్దరూ కలుసుకుని చాలా కాలమైంది. వానలు పట్టిన రోజుల్లో ఒక పగలు ఆయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో మల్లెపూల పొట్లం, కూతురు పంపించిన సేమ్యా. నాయన ఆయన్ను చూసి లేచి వాటేసుకున్నాడు. పేరు పిలవలేదు గానీ, ఎవరో తెలుసని చేతులే చెప్పాయి.

అమ్మ కాఫీ తెచ్చి, దాచుకోలేని సంబరంతో, "ఏమప్పా, మీ సంత మాట నాకు గూడా వచ్చేసిందిలే. ఇంగ మీ పప్పులేం ఉడకవు" అంది. తనకు తెలిసినవన్నీ వరసగా చెప్పింది. నాయన కూడా ఉత్సాహపడి చిన్నాయన మోకాలి మీద చరిచి, ఏవో నాలుగు పెద్ద వాక్యాలు మాట్లాడాడు. నవ్వాడు. బదులు కోసం చూశాడు.

చిన్నాయన నవ్వబోయి ఆగిపోయాడు. ఇంకొకసారి చెప్పమన్నాడు. నాయన ఈసారి పూర్తిగా వేరే మాటలు చెప్పాడు. చిన్నాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"వదినా" అన్నాడు నెమ్మదిగా, "ఇది మా మాట గాదు."

"అట్లంటావేమి? మార్సింటాడు."

"మార్సినా ఇద్దరం కలిసి మారస్తాం గదమ్మా. ఒకడే మారిస్తే ఎవురితో మాట్లాడేది? ఇది ఎవురి మాటా గాదు."

అమ్మ చేతిలోని పళ్లెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఏడాది పాటు ఆమె మొగుడితో పంచుకున్న రహస్యం అంతా అక్కడ అరుగు మీద ఒక్క మాటతో ఆరిపోయింది. నాయన మాత్రం మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ, ఎవరైనా ఏదైనా చెబితే నవ్వుదామని ఎదురుచూస్తున్నాడు.

సంగతి సదుం చేరింది. అక్కడ మా పెదనాయన, అంటే నాయనకు అన్న, సేద్యం చేసేవాడు. మా వంశంలో ఆయన మాటకు తిరుగు లేదు. వచ్చి, తమ్ముణ్ణి కాసేపు పరీక్షగా చూసి, గాలి సోకిందని తేల్చాడు. సదుం అవతల కొండల్లో ఒక గుడి ఉందనీ, ఇలాంటివాళ్లను అక్కడ కాలికి తాడేసి స్తంభానికి కట్టి వదిలేస్తే గాలి దానంతటదే దిగిపోతుందనీ చెప్పాడు. "దిగకపోతే?" అన్నాను నేను. ఆయన నా వంక చూడలేదు. "సెనక్కాయల పని అయిపోనీ. నేనే బండి కట్టుకోని వస్తా" అని అమ్మ ఉన్న తలుపు వైపు చెప్పి వెళ్లిపోయాడు. ఆయన చెడ్డవాడని కాదు. తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రాణం కోసమే తాడు తెస్తానన్నాడు.

అమ్మ బావగారి ఎదుట నోరెత్తి ఎరగదు. ఆయన వెళ్లాక నన్ను కూర్చోబెట్టుకుని, "ఆయన లోపల ఉండాడా లేడా? అదొకటి తెలిస్తే సాలు నాకు. ఉండాడంటే ఎవురొచ్చినా పంపను. లేడంటే ఇంగ యాడుంటే ఏముండాది, ఒంటికి మంచిదయ్యే చోటికే పోనీ" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది.

నేను నాయనను బొగ్గు బస్సెక్కించి మదనపల్లె తీసుకెళ్లి ఒక డాక్టరుకు చూపించాను. ఆయన మంచి మనిషి, తొందరపడలేదు. జేబులోంచి పెన్ను తీసి, "ఇదేంటి పెద్దాయనా?" అన్నాడు. నాయన పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. చూపుడువేలితో గాలిలో రాసి చూపించాడు. "ఇదే... ఇట్ల... సదువుకున్నోళ్లది" అన్నాడు. గడియారం చూపిస్తే చెవి దగ్గర పెట్టుకుని తలూపాడు. దేనితో ఏం చేస్తారో అన్నీ తెలుసు, పేరు ఒక్కటే లేదు. లేచి వచ్చేటప్పుడు డాక్టరుకు రెండు చేతులా దండం పెట్టి, "మీరు సల్లగుండల్ల" అని ఒక్క అక్షరం పొల్లు పోకుండా అన్నాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇది పిచ్చి కాదమ్మా, గాలీ కాదు. మెదడులో మాటలు ఉండే చోటు కొద్దికొద్దిగా ఎండిపోతోంది. దీనికి మందు లేదు. ముందు పేర్లు పోతాయి. మొక్కుబడిగా అనే మాటలు ఆఖరిదాకా ఉంటాయి. ఏది ఎప్పటిదాకా ఉంటుందో నేనూ చెప్పలేను" అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత, చదువుకున్న ఇంకొకరి నోట ఇదే మాట ఇంకా వివరంగా విన్నాను. వస్తువు పేరు తలలో ఒకచోట ఉంటుందట, ఆ వస్తువుతో చెయ్యి చేసే పని ఇంకొకచోట, మాట రాగం మరొకచోట. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుందట. ఆ రోజు మదనపల్లె వీధిలో నాకు ఇవన్నీ తెలియవు. నాయన చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఈయన తలలో ఇప్పుడు ఏ గది తెరిచి ఉంది, ఏ గది మూసి ఉంది అని మాత్రం తెగ ఆలోచించాను.

డాక్టరు చెప్పింది విని చిన్నాయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. "సంతకు తీసకపోతాను అన్నను. ఆ వాసన తగిలితే ఏమన్నా గుర్తొస్తాదేమో" అన్నాడు. అమ్మ నన్ను తోడు పంపింది. పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో నాయన కిటికీలోంచి కనబడిన ప్రతి పశువుకూ ఏదో ఒక పేరు పెట్టాడు. ఒక్కటీ పశువు పేరు కాదు.

కుప్పం సంతలో ఆడవాళ్లు చింతపండు, మిరపకాయలు పోసుకుని కూర్చునే వైపు నన్ను కూర్చోబెట్టారు. అక్కడినుంచి అంతా కనబడుతుంది. పశువుల మధ్యకు అడుగు పెట్టగానే నాయన నడక మారిపోయింది. మోకాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు. ఒక ఎద్దు పెదవి ఎత్తి పళ్లు చూశాడు. వెన్ను నిమిరాడు. వెనక్కి నాలుగడుగులు వేసి కాళ్లు చూశాడు. కొనడానికి వచ్చిన అరవాయన ఏదో అడిగితే బ్రహ్మాండంగా జవాబిచ్చాడు గానీ అది ఏ భాషో ఆయనకు తెలియలేదు. చిన్నాయన అడ్డం వచ్చి, అన్నకు గొంతు బాగలేదని అరవంలో సర్ది చెప్పాడు. బేరం తానే చేద్దామని తువ్వాలు తీశాడు. అంతలో నాయన తన తువ్వాలు తీసి కొనేవాడి చేతి మీద కప్పి, తన చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

చిన్నాయన బిగుసుకుపోయాడు. నేను లేచి నిలబడ్డాను. చింతపండు అమ్మే ఆమె కూర్చోమని కసురుకుంది కూడా. నాయన కళ్లు సగం మూసుకున్నాయి. ముఖంలో ఏ భావమూ లేదు, మంచి దళారి ముఖంలో ఉండకూడదు. గుడ్డ కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. అరవాయన తల అడ్డంగా ఊపాడు. నాయన చెయ్యి తీసుకోబోయినట్టు నటించాడు. అరవాయన పట్టి ఆపాడు. ఇంకాసేపటికి ఇద్దరూ ఒక్కసారే తల ఊపారు. బేరం కుదిరింది. ఎద్దు సొంతదారు, కొన్నవాడు, ఇద్దరూ సంతోషంగా వెళ్లారు.

"నాకంటే బాగ జేసినాడమ్మా" అన్నాడు చిన్నాయన నా దగ్గరికి వచ్చి. గడ్డం మీద కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. "యా అల్లా, ఏమిటిది?"

ఆయనకు అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. నాయన ఎదుట కూర్చుని, అందరికీ కనబడేలా మూడు వేళ్లు ఎత్తి, "ఎన్ని అన్నా?" అన్నాడు. నాయన ఆ వేళ్లను మర్యాదగా చూశాడు. ఏమీ చెప్పలేకపోయాడు. తనను ఏం అడుగుతున్నారో కూడా తెలియలేదు. చిన్నాయన అవే మూడు వేళ్లను తువ్వాలు కింద నాయన చేతిలో పెట్టాడు. పెట్టీ పెట్టకముందే నాయన చెయ్యి బదులిచ్చింది. అంత తక్కువకు కుదరదు, ఇంకా పైకి రా, అన్నాడని చిన్నాయన చెప్పాడు. మళ్లీ గుడ్డ తీసి చూపితే ఏమీ లేదు. మళ్లీ కప్పితే అంతా ఉంది. మనిషికి మాట ఉండేది నోట్లో అనుకుంటూ అంతకాలం బతికాను. మా నాయనకు అది చేతిలోకి దిగి, ఒక పాత తువ్వాలు కింద దాక్కుని ఉంది.

తిరిగి వచ్చాక ఆ చేతి మాటను మాకు నేర్పమని చిన్నాయనను పట్టుకున్నాను. పరాయి ఆడదానికి చెప్పకూడదని మొదట బెట్టు చేశాడు. "నేను ఎద్దులు కొంటానా చిన్నాయనా? మా నాయనకు అన్నం పెట్టుకోవాలి" అంటే నవ్వి ఒప్పుకున్నాడు. నాయనను తిండికి కూర్చోబెట్టడం అప్పటికి పెద్ద యుద్ధమైపోయింది. ఏం పెడుతున్నామో, ఎందుకు పెడుతున్నామో తెలియక చెయ్యి విసిరేవాడు, కంచాలు ఎగిరేవి. ఇంట్లో మాకు ధరలు అక్కర్లేదు కాబట్టి అడగడం ఎలా, కాదనడం ఎలా, కుదిరిందనడం ఎలా అన్నవి చాలు. వేళ్లు కలిపి చిన్నగా నొక్కితే అడిగినట్టు. వేళ్లు జారవిడిస్తే ఒద్దన్నట్టు. అరచెయ్యి మొత్తం పట్టేస్తే కుదిరినట్టు.

అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకోవడం, అదీ కూతురు చూస్తుండగా! నన్ను బయటికి తరిమి తలుపు మూసుకుంది. నేను సందులోంచి చూశాననుకోండి, ఎవరు మాత్రం చూడరు? తువ్వాలు కప్పింది, వేళ్లు కలిపింది, ముద్ద చూపించింది. నాయన చాలాసేపు ఆలోచించి, తగిన బేరమే అన్నట్టు ఆమె అరచేతిని పట్టుకున్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. స్నానానికీ, పడకకీ అంతే. గుడ్డ కింద అడిగితే వచ్చేవాడు, అడక్కుండా లాగితే కొట్టేవాడు. నోటి మాటలు అప్పటికి ఇంకా తగ్గిపోయాయి. మేం అన్న చివరి మాటనే తిరిగి అనేవాడు, అంతే.

అయినా అమ్మ మనసులోని ప్రశ్న తీరలేదు. "అది సెయ్యి అలవాటు. ఎవురు పట్టుకున్నా పలుకుతాది, నువ్వు పట్టుకున్నా, ఆ సాయిబు పట్టుకున్నా. నా సెయ్యని తెలిసి పలకతాండాడా?" అంది. ఇది నాకూ తోచిన సంగతే.

అంతలో కొంప ముంచే పని ఒకటి జరిగింది. నాయన తెల్లవారకముందే లేచి, మా వీధి చివరి అంగడి శెట్టిగారి పెరట్లోకి పోయి, ఆయన ఆవునూ దూడనూ విప్పుకుని సంతదారి పట్టాడు. వాటిని అమ్మించిపెట్టాలన్న బాధ్యత ఆయన కాళ్లకు గుర్తొచ్చింది కాబోలు. శెట్టి వీధిలో నిలబడి, "పిచ్చోడని ఊరుకుంటే దొంగతనం గూడానా?" అని అరిచాడు. ఆవును అప్పగించి, చేతులు జోడించి సర్దుకున్నాం. నాయన చేతిలోని పలుపు తీసుకోవడానికి నలుగురు మగవాళ్లు కావలసి వచ్చింది. ఆ మాట సదుం చేరడానికి ఎంతసేపు?

సెనక్కాయల పని ఇంకా పూర్తి కాలేదు. అయినా పెదనాయన బండి కట్టుకుని వచ్చేశాడు. మధ్యాహ్నం వేళ. బండిలో గడ్డి పరిచి ఉంది, దాని మీద కొత్త తాడు ఉంది. ఆ రోజు మా ఊరి సంత కాబట్టి చిన్నాయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద పెదనాయన, ఆయన తెచ్చిన బండివాడు, చిన్నాయన కూర్చున్నారు. నాయన ఒక పక్కగా స్తంభానికి ఆనుకుని ఎటో చూస్తున్నాడు. అమ్మ గడప లోపల, నేను ఆమె వెనక.

"ఇంగ మాట్లాడేదేముండాది? పొద్దుండగానే బయలుదేరల్ల" అన్నాడు పెదనాయన.

"ఇంకొన్నాళ్లు సూద్దామన్నా. వదిన సూసుకుంటాండాది గదా" అన్నాడు చిన్నాయన.

"ఏం సూసుకుంటాండాది? రేపు పరాయోళ్ల ఇంట్లో దూరి దెబ్బలు తింటే ఎవురు జవాబు? నాకిచ్చేయండి. నేను సూసుకుంటా."

"అట్లగాదు..."

"మరెట్ల?"

మాట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోతోంది. ఒకరు పెంచితే ఒకరు తగ్గిస్తున్నారు. ఆ ఒరవడి చెవిన పడి నాయన తల తిప్పాడు. మాటలు ఆయనకు తెలిసే అవకాశం లేదు. కానీ ఆ రాగం ఆయనకు పుట్టినప్పటినుంచీ తెలుసు. నిటారుగా కూర్చున్నాడు. పెదనాయన ముఖం చూశాడు, బండివాడి ముఖం చూశాడు, బండి చూశాడు. లేచాడు. నేరుగా గడప దగ్గరికి వచ్చి, అమ్మ ఎదుట కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతి మీద కప్పాడు.

అంతమంది మగవాళ్లు, పైగా బావగారు. పెదనాయన ముఖం అటు తిప్పేసుకున్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. లాక్కోలేదు. ఆమె ముఖం నేను పక్కనుంచి చూస్తున్నాను. మొదట సిగ్గు ఉంది, తర్వాత అయోమయం. అది అన్నానికి అడిగేది కాదు, ఒద్దనేది కాదు, మాకు తెలిసిన వాటిలో ఏదీ కాదు. ఆయన మళ్లీ మళ్లీ అదే చేస్తున్నాడు.

"చిన్నాయనా" అని నేను పిలిచాను. "ఇదేదో మాకు తెలీదు."

చిన్నాయన వచ్చి కింద కూర్చున్నాడు. "ఎట్ల జేస్తాండాడు వదినా?"

"బొటనవేలితో... అరచేతిలో, లోపల్లోపలికి గుచ్చుతాండాడు. ఆపేలేదు" అంది అమ్మ.

చిన్నాయన ఇంకా దగ్గరికి జరిగాడు. నాయన ముఖంలోకి చూశాడు. నాయన ఆయన్ను పట్టించుకోలేదు, చూపు పెదనాయన మీదే ఉంది, కొనేవాడిని కనిపెట్టి చూసే చూపు.

"ఇది కొనేటోని సేతికి సెప్పేది గాదమ్మా" అన్నాడు చివరికి. "అందుకే మీకు నేర్పలే. సొత్తు ఎవురిదో వాళ్ల సేతికి మాత్రమే దళారి దొంగగా సెప్తాడు. 'ఇచ్చేయొద్దు. అడిగేటోడు ఎంత అడిగినా సరే. ఇది పోతే మళ్ల రాదు' అని."

"ఏ సొత్తు?" అంది అమ్మ.

వాకిట్లో పశువు ఏదీ లేదు. పెదనాయన బండెద్దులను ఎవరూ బేరం చేయడం లేదు. అక్కడ అంతసేపూ ఇస్తారా ఇవ్వరా అని నడిచింది ఒక్కరి గురించే. తన బేరమే అని ఆయనకు తెలుసా? నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఆలోచించాను, ఇప్పటికీ తెలియదు. కానీ అక్కడున్న చేతుల్లో సొంతదారు చెయ్యి ఏదో మాత్రం ఆయన పొరపాటు పడలేదు.

అమ్మ ఎడమ చేత్తో కొంగు తల మీదికి లాక్కుంది. జీవితంలో మొట్టమొదటిసారి పెదనాయనతో ఎదురుగా మాట్లాడింది.

"బావా, బేరం కుదర్లేదు. బండి తిప్పుకోండి."

పెదనాయన లేచాడు. వెళ్లి బండెక్కాడు. వద్దన్నాక లేచి వెళ్లిన కొనుగోలుదారు నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వస్తాడని దళారులకు బాగా తెలుసు. ఆ బండి వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నాయన దాన్ని చూస్తూనే ఉన్నాడు, అమ్మ చెయ్యి వదలలేదు.